చెప్పుకున్నాక పెరిగిన బరువు: ఒక మత్తు డాక్టర్ కేసు

మనసులో ఉన్నది ఎవరితోనైనా చెప్పుకుంటే గుండె తేలికవుతుందంటారు. చాలాసార్లు అది నిజమే. చెప్పుకున్నాకే బరువు పెరిగిన ఒక డాక్టర్ కేసు ఇది. సెల్ఫ్ డిస్‌క్లోజర్ మీద, అంటే మన సొంత సంగతులు ఎదుటివారి ముందు విప్పడం మీద, అరవై ఏళ్లకు పైగా పరిశోధన జరుగుతోంది. అందులో తేలిన విషయాలు ఒక మనిషి జీవితంలోకి వచ్చేసరికి ఎక్కడ పనికొస్తాయో, ఎక్కడ తొందరపాటుగా వాడితే దెబ్బతీస్తాయో ఈ కేసులో బాగా కనిపిస్తుంది.

వివరాల గురించి ముందే చెప్పాలి. క్లినికల్ సైకాలజిస్టుగా నేను చూసిన, ఇదే తరహా కష్టంతో వచ్చిన కొందరి సంగతులు కలిపి, ఎవరినీ గుర్తుపట్టే వీలు లేకుండా మార్చి రాశాను. పేర్లు పెట్టడం లేదు.

వచ్చిన కారణం

ఆమె వయసు నలభై దాటింది. ఒక పెద్ద ఆసుపత్రిలో మత్తు డాక్టర్, ఆ విభాగానికి హెడ్ కూడా. కూర్చోగానే అన్న మొదటి మాట ఇది: "నిద్ర పట్టడం లేదని రాలేదండీ. అది అలవాటైపోయింది. నోరు విప్పి తప్పు చేశానేమో అనిపిస్తోంది. అదే తట్టుకోలేకపోతున్నాను."

సంగతి ఏమిటంటే, కొన్ని నెలల కింద ఒక ఆపరేషన్ మొదట్లో, మత్తిచ్చాక పేషెంటు గొంతులోకి శ్వాసగొట్టం వేయడం కుదరలేదు. రెండోసారీ కుదరలేదు. థియేటర్‌లో మానిటర్ ప్రతి గుండె చప్పుడుకీ ఒక బీప్ ఇస్తుంది. రక్తంలో ఆక్సిజన్ తగ్గేకొద్దీ ఆ బీప్ స్వరం కిందికి దిగుతుంది. డాక్టర్ చూపు పేషెంటు మీదే ఉన్నా సంగతి చెవికి తెలియాలని ఆ ఏర్పాటు. ఆ రోజు స్వరం దిగుతూనే ఉంది. అప్పుడు సాయం పిలిచారు. పక్క థియేటర్ నుంచి మరో సీనియర్ వచ్చి, వేరే పరికరంతో శ్వాస అందించారు. పేషెంటు క్షేమంగా ఇంటికి వెళ్లారు. ఆసుపత్రి జరిపిన సమీక్షలో ఆమెను ఎవరూ తప్పుపట్టలేదు.

కానీ ఆ స్వరం ఆమెను వదల్లేదు. ఇంట్లో ఏ యంత్రం బీప్‌మన్నా ఒళ్లు బిగుసుకుపోతుంది. రాత్రి రెండు గంటలప్పుడు మెలకువ వస్తుంది, తెల్లారేదాకా మళ్లీ కునుకు పట్టదు. వైద్యంలో ఇలాంటివారిని 'రెండో బాధితులు' అంటారు. ఆ మాటను 2000లో ఆల్బర్ట్ వూ అనే డాక్టర్ వాడుకలోకి తెచ్చారు. పేషెంటుకు జరిగినదో, జరగబోయి తప్పినదో వైద్యుడి లోపల ఎలా మిగిలిపోతుందో చెప్పడానికి.

ఆ తర్వాత కొద్ది రోజులకు ఆసుపత్రిలో సీనియర్లకు లీడర్‌షిప్ ట్రైనింగ్ పెట్టారు. టీం నమ్మకం గెలవాలంటే నాయకుడు తన బలహీనతను ముందు తానే బయటపెట్టాలన్నది అందులో ముఖ్య పాఠం. ఆమెకు ఆ మాట గట్టిగా తగిలింది. మర్నాడు పొద్దున మీటింగ్‌లో జూనియర్లందరి ముందూ చెప్పేశారు. "ఆ రోజు నా చేతులు వణికాయి. అప్పట్నుంచి నిద్ర లేదు. థియేటర్‌లోకి అడుగుపెట్టే ముందు ప్రతిసారీ భయమేస్తోంది. నేనూ మనిషినే కదా. మీకూ ఇలాంటివి ఉంటే చెప్పండి."

ఎవరూ ఏమీ మాట్లాడలేదు. చివర్లో ఒకరు "థాంక్యూ మేడమ్" అన్నారు. మీటింగ్ అయిపోయింది.

ఆ తర్వాత రోజుల్లో జరిగినవి ఒక్కొక్కటిగా చూస్తే చిన్నవే. ఆమె డ్యూటీ ఉన్న థియేటర్‌లో టెక్నీషియన్ అడగకుండానే కష్టమైన కేసులకు వాడే పరికరాల ట్రాలీ తెచ్చి తలుపు దగ్గర పెట్టడం మొదలుపెట్టాడు. సర్జన్ కోత పెట్టే ముందు "ఓకేనా మేడమ్?" అని అడుగుతున్నారు. అంతకుముందు ఎప్పుడూ అడిగింది లేదు. గడ్డు కేసు వస్తే ఆమెకే ఫోన్ చేసే ఒక జూనియర్ ఇప్పుడు ఇంకో సీనియర్‌కు చేస్తున్నాడు. మరో జూనియర్ అమ్మాయి మాత్రం ఉల్టాగా దగ్గరైంది. రాత్రిళ్లు మెసేజ్‌లు పెడుతుంది. తన పెళ్లి సంబంధం తప్పిపోయిన సంగతి, కాలేజీ రోజుల్లో వాడిన మందుల సంగతి, అన్నీ. ఈమె ప్రతిదానికీ జవాబిస్తారు. ఎందుకని అడిగితే "నేనే కదా చెప్పమన్నాను" అన్నారు.

మొదటి అంచనా

ఇలాంటి కేసులో ముందు తేల్చుకోవాల్సింది భద్రత. ఆమె భద్రత, ఆమె చేతిలో ఉన్న పేషెంట్ల భద్రత. ప్రాణం తీసుకోవాలనే ఆలోచనలు ఉన్నాయా అని సూటిగా అడిగాను. లేవు. మత్తు డాక్టర్లకు బలమైన మందులు చేతికందే దూరంలో ఉంటాయి కాబట్టి, నిద్ర కోసమైనా సరే ఏదైనా వాడారా అని కూడా అంతే సూటిగా అడిగాను. ఈ ప్రశ్న వేయడానికి మొహమాటపడే థెరపిస్టులు ఉన్నారు. మొహమాటపడకూడదు. వాడలేదని చెప్పారు, అడిగినందుకు ఊరట పడ్డట్టు కూడా కనిపించారు. గుర్తుకొచ్చి కలవరపెట్టే జ్ఞాపకాలు, ఉలికిపాటు, నిద్రలేమి ఉన్నాయి. కానీ పనిని తప్పించుకోవడం లేదు, పీటీఎస్‌డీ (భయానక అనుభవం తర్వాత మిగిలిపోయే మానసిక రుగ్మత) అని రాసేంత లక్షణాలు లేవు. పనిచేయగల స్థితిలోనే ఉన్నారా అన్నది నేనొక్కణ్ణే తేల్చేది కాదు కాబట్టి, తన పై అధికారికి, ఆసుపత్రి సిబ్బంది ఆరోగ్యం చూసే డాక్టరుకు చెప్పాలని మొదటి రోజే మాట్లాడుకున్నాం. కొన్నాళ్లు రాత్రి డ్యూటీలు తగ్గించారు.

ఇక్కడ నాకు ఒక సంగతి కొట్టొచ్చినట్టు కనిపించింది. ఈ భయం గురించి వినాల్సిన బాధ్యత, సాయం చేసే అధికారం ఉన్న మనిషికి ఆమె అప్పటిదాకా చెప్పలేదు. ఏమీ చేయలేని జూనియర్లకు చెప్పారు.

1958లో సిడ్నీ జురార్డ్, పాల్ లసాకో ఒక ప్రశ్నావళి తయారుచేశారు. అందులో 60 అంశాలు. అభిప్రాయాలు, అభిరుచులు, పని, డబ్బు, వ్యక్తిత్వం, శరీరం అనే ఆరు విభాగాలు. వీటిలో ఏది అమ్మకు ఎంత చెప్పారు, నాన్నకు ఎంత, స్నేహితులకు ఎంత, జీవిత భాగస్వామికి ఎంత అని ఆ ప్రశ్నావళి అడుగుతుంది. ఈ రంగంలో లెక్కగట్టి చూడడం దాదాపు అక్కడే మొదలైంది. నేను ఆ పద్ధతిలోనే ఒక చిన్న పట్టిక గీసి ఇచ్చాను. అడ్డంగా మనుషులు, నిలువుగా విషయాలు. ఇంటి నుంచి నింపుకుని రమ్మన్నాను.

తెచ్చాక ఇద్దరం కాసేపు దాన్నే చూస్తూ కూర్చున్నాం. 'పనిలో భయాలు' అన్న వరుసలో జూనియర్ల గడి నిండిపోయి ఉంది. భర్త గడి ఖాళీ. 'నిద్ర, ఆరోగ్యం' వరుసలోనూ అంతే. డబ్బు, పిల్లల చదువు, ఇంటి పనులు అన్న వరుసల్లో మాత్రం భర్త గడి కిక్కిరిసి ఉంది. పెళ్లయి చాలా ఏళ్లయింది, ఇద్దరి మధ్యా గొడవలేమీ లేవు. "ఆయనకు చెప్తే ఉద్యోగం మానేయమంటారు. అంతకంటే ఏం చేయగలరు?" అన్నారు.

పరిశోధన ఏం చెబుతోంది, ఏం చెప్పడం లేదు

ఆ ట్రైనింగ్‌లో చెప్పింది గాలి మాట కాదు. 1994లో నాన్సీ కాలిన్స్, లిన్ మిల్లర్ అప్పటిదాకా వచ్చిన పరిశోధనలన్నీ కలిపి విశ్లేషిస్తే మూడు సంగతులు తేలాయి. మనసు విప్పేవాళ్లను జనం ఎక్కువ ఇష్టపడతారు. తమకు నచ్చినవాళ్ల దగ్గర ఎక్కువ విప్పుతారు. ఎవరి దగ్గర విప్పారో వాళ్లను ఆ తర్వాత ఇంకా ఎక్కువ ఇష్టపడతారు. 1997లో ఆర్థర్ ఆరన్ బృందం, ఒకరికొకరు తెలియని మనుషులను జతలుగా కూర్చోబెట్టి, అంతకంతకూ లోతుగా వెళ్లే 36 ప్రశ్నలు సుమారు 45 నిమిషాలు ఒకరినొకరు అడిగించింది. ఊరికే కబుర్లు చెప్పుకున్న జతల కంటే వీళ్లు దగ్గరయ్యారు.

అయితే ఆ 36 ప్రశ్నల ప్రయోగంలో ఇద్దరూ సమానులు. ఇద్దరూ వంతులవారీగా మాట్లాడారు. రేపు ఒకరి పనితీరు రిపోర్టు ఇంకొకరు రాసేది లేదు. ఈ షరతులు తీసేసి ఫలితాన్ని ఒక్కదాన్నే ఆఫీసు మీటింగ్‌లోకి తెస్తే ఏమవుతుంది?

2018లో కెర్రీ గిబ్సన్, డానా హరారీ, జెన్నిఫర్ మార్ సరిగ్గా ఇదే చూశారు. పని కోసం కలిసినవాళ్లలో హోదాలో పైనున్న మనిషి తన బలహీనత చెప్పుకుంటే, వినేవాళ్ల కళ్లలో ఆ మనిషి స్థాయి తగ్గింది. మాట చెల్లుబాటు తగ్గింది, పనిలో భేదాభిప్రాయాలు పెరిగినట్టు అనిపించింది, దగ్గరితనమూ తగ్గింది. సమాన హోదా ఉన్నవాళ్లు చెప్పుకుంటే ఈ నష్టం రాలేదు. దీనికి ఎదురుగా 2022లో లీ జియాంగ్, లెస్లీ జాన్ తదితరుల పరిశోధన ఉంది. తమంతట తాము బలహీనతలు చెప్పుకున్న నాయకులు మరింత నిజాయితీగా, నటన లేనివారిగా కనిపించారని అందులో తేలింది.

రెండూ చదివి ఒకటి తప్పు, ఒకటి ఒప్పు అనేయడం నాకు సరిగా అనిపించదు. ఏ బలహీనత, ఏ పనికి సంబంధించింది అన్నది చూడాలి. 1966లో ఇలియట్ ఆరన్సన్ బృందం చేసిన ప్రయోగం ఇక్కడ గుర్తొస్తుంది. క్విజ్‌లో దాదాపు అన్నింటికీ సరైన జవాబులు చెప్పిన మనిషి చివర్లో కాఫీ ఒలకబోసుకుంటే, విన్నవాళ్లు అతన్ని ఇంకా ఇష్టపడ్డారు. అంతంతమాత్రం మనిషి ఒలకబోసుకుంటే ఉన్న ఇష్టం కాస్తా తగ్గింది. కాఫీ ఒలకడానికీ క్విజ్ తెలివికీ సంబంధం లేదు. మత్తు డాక్టర్ చేతులు వణకడానికి ఆమె పనితో నేరుగా సంబంధం ఉంది. "నాకు వేదికెక్కి మాట్లాడాలంటే భయం" అని ఆమె చెప్పి ఉంటే జూనియర్లు నవ్వి దగ్గరయ్యేవారేమో. ఆమె చెప్పింది, వాళ్లు రోజూ ప్రాణాలు నమ్మి అప్పగించే చేతుల గురించి. వాళ్లు ట్రాలీ తెచ్చి పెట్టడం అవమానించడానికి కాదు. తెలిసిన సంగతిని ఏం చేయాలో తెలియక, చేతనైనది చేశారు.

శాండ్రా పెట్రోనియో ఈ విషయాన్ని బాగా పట్టుకున్నారు. ఆమె సిద్ధాంతం ప్రకారం, మనం ఒక రహస్యం చెప్పిన క్షణం నుంచి విన్నవాళ్లు కూడా దానికి యజమానులవుతారు. ఎవరితో అనొచ్చు, ఎవరితో అనకూడదు, దానితో ఏం చేయాలి అన్న నియమాలు ఇద్దరూ కలిసి కుదుర్చుకోవాలి. లేకపోతే గొడవ తప్పదు. జూనియర్ల చేతికి ఆమె ఒక బరువైన సంగతి ఇచ్చారు. దాన్ని ఏం చేయాలో మాత్రం చెప్పలేదు.

ఈ కేసులో నా నిర్ధారణ అంతా ఒక ప్రశ్న చుట్టూ తిరిగింది. వినేవాళ్లకు పక్కకు తప్పుకునే స్వేచ్ఛ ఉందా? జూనియర్లకు లేదు. ఆమె హెడ్. ఆమె మనసు విప్పితే వాళ్లు విని తీరాలి, "మీరూ చెప్పండి" అంటే ఎవరో ఒకరు చెప్పి తీరాలి. ఆ అమ్మాయి రాత్రిళ్లు పెట్టే మెసేజ్‌లను ఈమె దగ్గరితనం అనుకున్నారు. నాకు అందులో సగం బాకీ తీర్చడంలా కనిపించింది. ఒకరు విప్పితే రెండోవారూ విప్పుతారన్నది జురార్డ్ కాలం నుంచీ తెలిసిన సంగతే. సమానుల మధ్య అది స్నేహాన్ని పెంచుతుంది. పైవాళ్లకూ కిందివాళ్లకూ మధ్య అది వసూలుగా మారే ప్రమాదం ఉంది.

మరోవైపు, స్వేచ్ఛగా వినగలిగి, వినడానికి సిద్ధంగా ఉన్న మనిషి ఇంట్లోనే ఉన్నారు. ఆయనకు ఏమీ తెలియదు.

ముందు కాగితం మీద

వెంటనే భర్తకు చెప్పమనలేదు. ఒకసారి తొందరపడి చెప్పి దెబ్బతిన్న మనిషిని మళ్లీ అదే పనికి తోయకూడదు. వినేవాళ్లెవరూ అవసరం లేని పద్ధతితో మొదలుపెట్టాం. 1986లో జేమ్స్ పెన్నెబేకర్, శాండ్రా బీల్ విద్యార్థులతో వరుసగా నాలుగు రోజులు, రోజుకు 15 నిమిషాలు, తమను బాగా కలచివేసిన అనుభవం గురించి రాయించారు. రాసిన వెంటనే వాళ్లకు దిగులు పెరిగింది. కానీ తర్వాతి నెలల్లో డాక్టరు దగ్గరకు వెళ్లడం తగ్గింది. ఆ మేలు జరిగింది, జరిగిన సంగతినీ దాని చుట్టూ ఉన్న భావాలనూ కలిపి రాసినవాళ్లలోనే.

ఆమె మొదట రాసుకొచ్చినది అచ్చం కేస్ షీట్‌లా ఉంది. ఎన్ని మిల్లీగ్రాములు, ఎన్నో నిమిషంలో, ఎంత శాతం ఆక్సిజన్. చదివి వినిపించమన్నాను. చదువుతూ చదువుతూ "ఇందులో నేను లేను" అని ఆమే అన్నారు. తర్వాత రాసిన దాంట్లో ఒక వాక్యం వచ్చింది: "బీప్ దిగుతుంటే నాకు పేషెంటు గుర్తు రాలేదు, తలుపు బయట కుర్చీలో కూర్చున్న అతని భార్య గుర్తొచ్చింది. తలుపు తీసుకుని వెళ్లి ఆవిడకు ఏమని చెప్పాలి అనుకున్నాను." ఈ మాట ఆమె మీటింగ్‌లో చెప్పలేదు. నాకూ అప్పటిదాకా చెప్పలేదు. అన్ని నెలలుగా ఆమె అందరికీ చెప్పిన చేతుల వణుకు పైపొర మాత్రమే. నిద్ర చెడగొడుతున్నది ఆ కుర్చీలో కూర్చున్న భార్య.

ఆమె నన్ను అడిగిన ప్రశ్న

అదే రోజు, కాగితం మడుస్తూ అడిగారు. "మీకెప్పుడైనా అనిపించిందా, మీ చేతిలో ఉన్న మనిషి మీ వల్ల పోతారేమో అని?"

థెరపిస్టు తన సంగతి చెప్పొచ్చా లేదా అన్నది ఈ వృత్తిలో పాత వివాదం. పేషెంటుకు డాక్టర్ అద్దంలా ఉండాలి, తనకు చూపినదాన్నే తిరిగి చూపాలి అని ఫ్రాయిడ్ 1912లోనే రాశారు. ఇప్పుడు అంత కఠినంగా ఎవరూ లేరు. 2001లో బారెట్, బెర్మన్ చేసిన అధ్యయనంలో ప్రతి థెరపిస్టూ ఒక క్లయింటు దగ్గర మామూలు కంటే కాస్త ఎక్కువగా, మరో క్లయింటు దగ్గర బాగా తక్కువగా తన సంగతులు చెప్పారు. ఎక్కువ విన్న క్లయింట్లకు బాధ ఎక్కువ తగ్గింది, థెరపిస్టు మీద ఇష్టమూ పెరిగింది. అయితే అక్కడ ఎక్కువ అంటే క్లయింటు చెప్పినదానికి బదులుగా, పొట్టిగా, అప్పుడప్పుడూ చెప్పినవే.

దీని పక్కన పెట్టి చూడాల్సింది 2007లో సుసాన్ మెక్‌డేనియల్ బృందం ప్రచురించిన అధ్యయనం. శిక్షణ పొందిన వ్యక్తులు పేషెంట్లలా డాక్టర్ల దగ్గరకు వెళ్లి, ఆ సంభాషణలను రికార్డు చేశారు. విశ్లేషించిన 113 సందర్శనల్లో 34 శాతంలో డాక్టర్లు తమ సొంత సంగతులు ఎత్తారు. ఆ మాటల్లో 85 శాతం పేషెంటుకు ఏ విధంగానూ పనికిరాలేదని, 11 శాతం మాటకు అడ్డు తగిలాయని తేలింది. నన్ను బాగా ఆలోచింపజేసిన అంకె ఇంకొకటి ఉంది. నూటికి 79 సార్లు, డాక్టర్ తన సంగతి చెప్పాక, పేషెంటు అంతకుముందు మాట్లాడుతున్న విషయానికి సంభాషణ తిరిగి రాలేదు. పేషెంటు మొదలుపెట్టిన మాట అక్కడే తెగిపోయింది.

ఆమె కూడా నా ముందు కూర్చున్న జూనియర్ లాంటివారే ఒక రకంగా. నేను ఎక్కువ చెప్తే, లేచి వెళ్లే వీలు ఆమెకు లేదు. పైగా వృత్తిరీత్యా ఎదుటివాళ్ల ప్రాణం చూసుకునే మనిషి, నన్ను చూసుకోవడం మొదలుపెడతారు. ఏమీ చెప్పకుండా "మీకు అలా ఎందుకనిపించింది?" అని తిప్పికొడితే, మీటింగ్‌లో ఎదురైన ఆ నిశ్శబ్దమే ఇక్కడా ఎదురైనట్టవుతుంది.

"అనిపించింది. ఒక క్లయింటు చెప్పిన టైముకు రాకపోతే, ఆ రోజంతా ఫోన్ చేతిలోనే పట్టుకుని తిరిగాను. ఆయన క్షేమంగానే ఉన్నారు," అన్నాను. ఆగి, "ఆ కుర్చీలో కూర్చున్న భార్య గురించి చెప్తున్నారు," అని గుర్తుచేశాను.

ఆమె ఏడ్చారు. చాలాసేపు. తర్వాత చెప్పడం మొదలుపెట్టారు.

నా పరిస్థితి ఇప్పటికీ కొనసాగుతూ, నన్ను కలవరపెడుతున్నదైతే ఆ మాట అనేవాణ్ణి కాదు. అది ముగిసిపోయిన సంగతి. దాని గురించి ఆమె నన్ను ఓదార్చాల్సిన పని లేదు. క్లయింటు ముందు ఏదైనా చెప్పేముందు నేను చూసుకునేది ముఖ్యంగా ఇదే.

భర్తతో

మైఖేల్ స్లెపియన్ బృందం 2017లో రహస్యాల మీద చేసిన పని ఆమెకు వివరించాను. రహస్యం మనిషిని ఎక్కువగా నలిపేది ఎదుటివారి ముందు దాచే క్షణంలో కాదు, ఒంటరిగా ఉన్నప్పుడు మనసు పదేపదే దాని దగ్గరకే వెళ్లడం వల్ల. "భోజనాల దగ్గర ఆయన ముందు నాకు ఏ ఇబ్బందీ ఉండదు. రెండు గంటలకు, ఆయన పక్కనే నిద్రపోతుంటే ఉంటుంది" అని ఆమె దాన్ని తన మాటల్లోకి మార్చుకున్నారు.

ఆయన్ను కూడా రమ్మన్నాం. హ్యారీ రీస్, ఫిలిప్ షేవర్ 1988లో చెప్పిన నమూనా ప్రకారం, మనసు విప్పడం ఒక్కటే దగ్గరితనం తేదు. విన్న మనిషి నన్ను అర్థం చేసుకున్నాడు, నా మాటకు విలువిచ్చాడు, నా గురించి పట్టించుకున్నాడు అని చెప్పిన మనిషికి అనిపించాలి. దాన్ని రోజువారీ డైరీలతో పరీక్షించిన 1998 నాటి అధ్యయనంలో జాన్-ఫిలిప్ లారెన్సో తదితరులకు మరో సంగతి కనిపించింది. వాస్తవాలు చెప్పుకోవడం కంటే భావాలు చెప్పుకోవడం దగ్గరితనాన్ని ఎక్కువగా పెంచింది. ఆమె ఇన్నేళ్లూ ఇంట్లో చెప్పింది వాస్తవాలే. ఇవాళ కేసు ఆలస్యమైంది, ఇవాళ ముగ్గురు లీవ్.

ఆయన ఇంజనీరు, నెమ్మదస్తుడు. ఆమె చెప్పడం మొదలుపెట్టిన రెండు నిమిషాలకే "సరే, ముందు లీవ్ పెట్టు. మిగతాది తర్వాత చూద్దాం," అన్నారు. ఆమె నా వైపు చూశారు, చూశారా అన్నట్టు. నేను ఆయన్ను ఒక్కటే అడిగాను, ఆమె ఇప్పుడు చెప్పింది మీకు ఏమని వినిపించింది, మీ మాటల్లో చెప్పండి అని.

"చేతులు వణికినందుకు భయపడుతోంది."

"కాదండీ," అన్నారామె. "వణకడం కాదు. ఆవిడకు ఏం చెప్పాలో తెలియలేదు. ఆవిడ చేతిలో ఆయన కళ్లజోడు ఉంది. లోపలికి తీసుకెళ్లేటప్పుడు నేనే తీయించి ఇచ్చాను."

ఆయన చాలాసేపు మాట్లాడలేదు. తర్వాత "ఇన్నాళ్లూ ఒక్కదానివే మోశావా? నాకెందుకు చెప్పలేదు?" అన్నారు. అందులో కోపం ఉంది, బాధ ఉంది. సలహా మాత్రం లేదు. ఆ కోపాన్ని నేను చల్లార్చే ప్రయత్నం చేయలేదు. పట్టించుకునే మనిషికి వచ్చే కోపం అది. జూనియర్లకు అలా కోప్పడే హక్కు లేదు. ఆయనకు ఉంది.

అన్నా బ్రుక్, సబీన్ షోల్, హెర్బర్ట్ బ్లెస్ 2018లో చూపించినట్టు, మన బలహీనత బయటపడడం మనకు చాలా అసహ్యంగా కనిపిస్తుంది. అదే పని ఇంకొకరు చేస్తే మనకు ధైర్యంగా కనిపిస్తుంది. ఆమె ఇంట్లో చెప్పకపోవడానికి అసలు కారణం ఉద్యోగం మానేయమంటారని కాదు, తాను చిన్నబోతానని. ఆయన కళ్లకు ఆమె ఏమీ చిన్నబోలేదు. ఆ సంగతి నేను చెబితే నమ్మేవారు కాదు. ఆయన ముఖం చూసి నమ్మారు.

మళ్లీ థియేటర్‌లో

ఆసుపత్రిలో చెప్పినదాన్ని వెనక్కి తీసుకోలేం. దాని మీద ఇంకోసారి ఇంకా ఎక్కువ చెప్పడమూ మందు కాదు. చెప్పినదాన్ని వాళ్లకు పనికొచ్చేలా మార్చగలమా అని ఆలోచించాం. ఆమీ ఎడ్మండ్‌సన్ 1990లలో ఆసుపత్రి బృందాలను చూసినప్పుడు, మంచి బృందాల్లోనే మందుల పొరపాట్లు ఎక్కువ నమోదై ఉండడం కనిపించింది. వాళ్లు ఎక్కువ పొరపాట్లు చేయడం వల్ల కాదు, వాటి గురించి భయం లేకుండా మాట్లాడుకోవడం వల్ల అయి ఉండొచ్చని ఆమె తేల్చుకున్నారు. పనిలో నోరు విప్పడానికి భయం లేకపోవడం అన్న ఆలోచనను 1999లో ఆమె వివరంగా పరీక్షించారు. అందులో నాయకుడి గుండెలోతుల సంగతులతో పని లేదు. పనిలో నాకూ పొరపాటు జరగొచ్చు, మీరు చెప్తే వింటాను అన్న భరోసాతోనే పని.

మా డాక్టర్ వారం పాటు మాటలు దిద్దుకుని, మీటింగ్‌లో ఇలా అన్నారు: "ఆ కేసులో రెండో ప్రయత్నం కాగానే నేను సాయం పిలవాల్సింది, కాస్త ఆగాను. ఇకపై మన విభాగంలో రెండోది కుదరకపోతే ఎవరైనా సరే సాయం పిలవాలి. నేనున్నా సరే, జూనియర్ 'మేడమ్, పిలుద్దామా' అంటే పిలిచేద్దాం. నా ఆరోగ్యం సంగతి చూసేవాళ్లు చూస్తున్నారు, పై అధికారికి తెలుసు. దాని గురించి మీరు దిగులు పెట్టుకోవాల్సిన పని లేదు." మొదటిసారి చెప్పినదాంతో పోలిస్తే ఇందులో సొంత సంగతి తక్కువ. కానీ విన్నవాళ్ల చేతికి ఏం చేయాలో తెలిసే మాట వచ్చింది, మోయక్కర్లేదన్న అనుమతీ వచ్చింది. ఆ మీటింగ్‌లో ఇద్దరు జూనియర్లు ప్రశ్నలు అడిగారు, ట్రాలీ అన్ని థియేటర్ల దగ్గరా ఉండాలా అని ఒకరు.

ఆ అమ్మాయితో మాట్లాడడం అన్నింటికంటే కష్టమైంది. "నువ్వు చెప్పినవి ఎవరికీ చెప్పను. కానీ నీ రిపోర్టు రాసే మనిషిని నేను. నాకు ఇవన్నీ చెప్పుకునే స్థితిలో నిన్ను పెట్టకూడదు," అని, సిబ్బంది కౌన్సెలర్ దగ్గరకు తానే దగ్గరుండి తీసుకెళ్లారు. ఆ అమ్మాయి మొదట చిన్నబుచ్చుకుంది. కొన్నాళ్లు ముఖం తప్పించి తిరిగింది. ఇప్పుడు మామూలుగా ఉంటోంది. రాత్రి మెసేజ్‌లు లేవు.

ప్రస్తుతం

నిద్ర చాలావరకు కుదుటపడింది. బీప్ వింటే ఒళ్లు ఇంకా బిగుస్తుంది, కానీ అది థియేటర్‌లోనే, అదీ క్షణకాలం. ఫోన్ ఇంకొకరికి చేసే జూనియర్ ఇంకా వాళ్లకే చేస్తున్నాడు. దాన్ని మార్చే ప్రయత్నం ఆమె మానేశారు, అది అతని ఇష్టం అన్నారు. ఇంట్లో భర్త ఇప్పటికీ ముందు సలహాతోనే మొదలుపెడతారు. ఆమె "ముందు వినండి" అంటే ఆగుతారు.

కిందటి నెల ఆసుపత్రి యాజమాన్యం కొత్త ప్రతిపాదన తెచ్చింది. ప్రతి నెలా మీటింగ్‌లో అందరూ వంతులవారీగా తమ బలహీనత ఒకటి చెప్పాలని. ఆమె నన్ను సలహా అడిగారు. జియాంగ్ బృందం చూసిన మేలు, ఎవరూ బలవంతపెట్టకుండా తమంతట తాము చెప్పుకున్న నాయకుల్లోనిదని, ఇష్టం లేని మనిషిని వంతు కట్టి మాట్లాడిస్తే దానికి ఆ పరిశోధన ఆధారం కాదని చెప్పాను. ఆమె యాజమాన్యానికి లేఖ రాశారు. తన విభాగంలో కేసుల సమీక్ష జరుగుతుందని, అందులో ఎవరైనా మాట్లాడొచ్చని, మాట్లాడకుండా కూర్చునే హక్కు కూడా అందరికీ ఉంటుందని, అది రిపోర్టుల్లో ఎక్కడా లెక్కలోకి రాదని. జవాబు ఇంకా రాలేదు. సమీక్షలు మాత్రం మొదలయ్యాయి.